గార తోమిన చేతులు

మా అత్తగారు నన్ను చూడడానికి వచ్చిన రోజు నా మొహం సరిగ్గా చూడనేలేదు. చెయ్యి పట్టుకుని తిప్పి, వేళ్ళ చివర్లు నొక్కి చూసింది. గట్టిగా ఉన్నాయి మరి. నెల్లిమర్లలో మా ఇంటి వరండాలో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టేదాన్ని. చేతికుట్లు వేసీ వేసీ సూది గుచ్చుకున్న చోటల్లా కాయలు కాశాయి. ఆవిడ వాటిని తోముడు కాయలనుకుంది. "పనిమంతురాలే," అని అక్కడికక్కడే ఒప్పేసుకుంది. అంత తెలివి ఆవిడది.

కోటబొమ్మాళిలో వాళ్ళది కిరాణా కొట్టు. మేడ మీద కొత్తగా కట్టించిన బాత్రూములో తెల్లటి టబ్బు. అందులో ఒక్కరూ స్నానం చేసిన పాపాన పోలేదు, నీళ్ళు నిల్వ చేసుకోడానికే అది. బోరు నీళ్ళేమో ఉప్పు. టబ్బుకీ సింకుకీ వారం తిరక్కుండా గార కట్టేసేది. అత్తగారు యాసిడ్ సీసా మాత్రం ఇంట్లోకి రానిచ్చేది కాదు.

"యాసిడ్ సేతులు తినేస్తాదే. మన సింతపండు ఉండగా అదెందుకు?" అనేది.

కొట్లో బస్తా అడుగున మిగిలిన నల్ల చింతపండు నానబెట్టి, రాళ్ళుప్పు, పిండేసిన నిమ్మతొక్కలు, కుంకుడు పిప్పి కలిపి నాచేత రుబ్బించేది. ఆ ముద్ద కొబ్బరి పీచుతో పట్టించి రుద్దాలి. ఫోనులో ఎవరో ఇలాంటిదే చేసి చూపించారట, ఇక ఆవిణ్ణి పట్టుకోలేకపోయాం. తినే సోడా కూడా చేర్చింది.

గార పోయేది, అబద్ధం ఎందుకు చెప్పాలి? టబ్బు తళతళలాడేది. నా వేళ్ళే చీలిపోయాయి. ఉప్పూ నిమ్మా ఆ చీలికల్లోకి దిగితే ప్రాణం పోయినంత పనయ్యేది. నా మిషను ఇక్కడికీ తెచ్చుకున్నాను, కుట్టడానికి పట్టుగుడ్డ పట్టుకుంటే పోగులు వేళ్ళకి తగులుకుని లేచొచ్చేవి. ఒకావిడ పట్టుజాకెట్టు అలా పాడయ్యాక నాకెవరూ గుడ్డ ఇవ్వలేదు. మిషను మీద దుప్పటి కప్పేసి, అత్తగారి దగ్గరికెళ్ళి చేతులు చూపించాను.

"నానేటి సేసినాను? పుట్టింటి నుంచి తెచ్చుకున్న సేతులే కదే ఇవి. నాను సూసినప్పుడే ఇలా ఉన్నాయి," అంది.

మా ఆడపడుచు ఆ ముద్ద ఛాయలకే వచ్చేది కాదు. ఈ ఏడాది దానికి మంచి సంబంధం వచ్చింది. శ్రీకాకుళంలో బట్టల కొట్టు, ఒక్కడే కొడుకు. పెళ్ళిచూపుల ముందు రోజు అత్తగారికి భయం పట్టుకుంది. అబ్బాయి తల్లి కూడా తనలాగే చెయ్యి తిప్పి చూస్తేనో? కూతురి చేతులేమో వెన్నముద్దలు. దాన్ని టబ్బు దగ్గర కూర్చోబెట్టి, ముద్ద చేతికిచ్చి రుద్దమంది. పిల్ల లబోదిబోమంది.

"ఓర్సుకో తల్లీ, ఈ ఒక్క పూటే," అంటూ మధ్యమధ్యలో దాని వేళ్ళు పట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదింది.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇన్నేళ్ళలో నా చేతుల మీద ఆవిడ ఊపిరి ఒక్కసారి తగల్లేదు. ముద్ద అయిపోయింది, ఇంకాస్త కలపమంది. కలిపిచ్చాను. ఉప్పు పిసరంత కూడా తగ్గించలేదు.

మర్నాడు అబ్బాయి తల్లి నిజంగానే పిల్ల చెయ్యి పట్టుకుంది. పట్టుకుని గబుక్కున వదిలేసింది.

"ఇదేటి వదినా, ఇలా ఎర్రగా పొక్కిపోనాది? పిల్లకి ఏదైనా అంటు జబ్బేటి?"

"అయ్యో, జబ్బు కాదు వదినా! పని సేసి అలా..."

అప్పుడే నేను కాఫీ ట్రే పట్టుకొచ్చాను. ఆవిడ నా వేళ్ళకేసి చూసింది.

"ఈయమ్మకీ ఉన్నాది. ఇంటిల్లిపాదికీ అంటుకున్నాది కాబోలు." గ్లాసు ముట్టుకోలేదు.

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా కోడలికి జబ్బు నేదు వదినా. నానే ఆ సింకూ టబ్బూ తోమించి తోమించి దాని సేతులు అలా సేసీసినాను. నా మాట నమ్ము."

నేను వినాలనుకున్న మాట అదే. నలుగురిలో ఆవిడ నోటంట వచ్చింది. కానీ ఆ వచ్చినావిడ నమ్మలేదు. అత్తగారు నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పమ్మా. జబ్బు కాదని సెప్పు తల్లీ."

నన్ను తల్లీ అనడం అదే మొదటిసారి. నేను జబ్బు కాదంటే చాలు, సంబంధం నిలబడుతుంది. ఆడపడుచు చేతులు చీరకొంగులో దాచుకుని ఏడుస్తోంది. నేను అత్తగారి కళ్ళలోకే చూశాను.

"ఏటో అత్తా. పుట్టింటి నుంచి తెచ్చుకున్నానని మీరే అన్నారు కదా."

వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ముట్టని కాఫీలన్నీ తీసుకెళ్ళి సింకులో ఒంపేశాను. మరక పడింది. నేను తోమలేదు.