కొత్త జావా, పాత కాంటా

మిర్యాలగూడలో రామలింగయ్య సేటు రైస్ మిల్లుకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త జల్లెడ బిగించిన రోజే పాతది గేటు దాటాలి, లేదంటే కూలీలు పొరపాటున మళ్లీ దాన్నే బిగిస్తారు. 2010 దసరాకు ఆయుధపూజ కోసం మిల్లంతా దులిపిస్తూ, కంప్యూటర్‌లో జావా అనే సాఫ్ట్‌వేర్ పాతదీ కొత్తదీ రెండూ కనబడితే, ఆయన అక్కడా అదే మాట అన్నాడు.

“రెండు జావాలెందుకు? పాతది తీసెయ్.”

“పన్ను వెబ్‌సైటుకు కొత్తది గావాలె సేటూ. లారీ కాంటా ప్రోగ్రాం పాత జావాలనే నడుస్తది. రెండూ ఉండాలె,” అంది ఆపరేటర్ నీలా.

“పండుగ పూట నోరు పెంచకు. చెప్పింది చెయ్.”

జావాకూ జల్లెడకూ తేడా చెప్పే సందు ఆయన ఎవరికిచ్చాడు గనక! నీలా తీసేసింది.

కోతలై ధాన్యం ట్రాక్టర్లు వరస కట్టిన రోజున కాంటా ప్రోగ్రాం తెరుచుకోలేదు. కాంటా డబ్బా మీద తూకం ఎర్రగా వెలుగుతూనే ఉంది, కానీ కంప్యూటర్ చీటీ లేనిదే సేటు గింజ దించనివ్వడు. పాత జావా సీడీ, ఆ ప్రోగ్రాం రాసిన కోదాడ మనిషి దగ్గరుంది. అతని ఫోన్ స్విచాఫ్. నెట్‌లో దింపుదామంటే పొద్దుటి నుంచి లైను లేదు.

మబ్బు కమ్మింది. కిటికీ దగ్గర మూగిన రైతులు నీలాను తిట్టబోతుంటే, వరసలో ట్రాక్టర్ పెట్టుకున్న ఆమె తండ్రి గోప్యా అడ్డమొచ్చాడు. ఇంట్లో మాట్లాడే తండా భాషలో కాదు, అందరికీ వినబడేలా తెలుగులో అన్నాడు:

“జర ఆగుండ్రి. నా బిడ్డ కంప్యూటర్ సదివింది. దానితోని గానిదేముంటది?”

అతని వడ్ల మీద చినుకులు మొదలయ్యాయి. తెరుచుకోదని తెలిసీ, నాన్న చూస్తున్నాడని, నీలా ఆ ప్రోగ్రాం మీద మళ్లీ నొక్కింది.