చప్పుడు లేని నేల

మా మేనత్త పోయిన వారం చనిపోయింది. ఎల్బీ నగర్‌లో తన ఇంట్లోనే, హాల్లో, పట్టపగలు. మామ ఫోన్ చేసి, "బిడ్డా, మీ అత్త కింద పండుకుంది. పిలిస్తే పలుకుతలేదు," అన్నాడు. నేను నాగోల్ నుంచి వెళ్లేసరికి పక్కింటివాళ్లు ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు అడిగింది ఒకటే. "పడి ఎంతసేపయింది?" మాలో ఎవరికీ తెలియదు.

అత్త ఒక బొక్కల దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. తుంటి విరిగి మంచాన పడ్డవాళ్లను బతుకంతా చూసింది. అందుకే ఎవరింటికి వెళ్లినా ముందు నేలను చూసేది. "నేలను నమ్మొద్దు బిడ్డా," అనేది. చిన్నప్పుడు నేను మోకాళ్లు చీరుకుని ఏడుస్తూ వస్తే ఇంట్లో అందరూ కంగారుపడేవాళ్లు. ఆమె మాత్రం, "ముందు కట్టు కడదాం, ప్రార్థన తర్వాత," అంటూ పని మొదలుపెట్టేది. ఆ చేతులు తగిలితే సగం నొప్పి తగ్గేది.

మామకు వణుకుడు జబ్బు వచ్చాక ఆ భయం ఆమె ఇంట్లోకే వచ్చింది. ఒకరోజు ఆయన నున్నటి టైల్స్ మీద జారి తల పగలగొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు కింది ఇంటామె పరుగెత్తుకొచ్చింది. కుట్లు విప్పించగానే అత్త నన్ను తోడు పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో టైల్స్ దుకాణాలన్నీ తిరిగింది. ఆమెకు కావలసింది కార్క్ టైల్స్. సీసాల బిరడాలు చేసే మెత్తటి చెట్టు బెరడుతో చేసిన పలకలు. చాలామంది ఆ పేరే విననట్టు చూశారు. చివరికి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకాయన లోపలి గదిలోంచి దుమ్ము పట్టిన ముక్క తెచ్చి చూపించాడు.

"ఇది ఇక్కడ ఎవరూ వేయించుకోరండీ. నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది. విట్రిఫైడ్ టైల్స్ చూడండి, అద్దంలా ఉంటుంది."

"అద్దం మీద మనుషులు జారి పడ్తరు బాబు. వంటింట్ల, బాత్రూంల పాతయే ఉంచుత. కడమ ఇల్లంత గిదే కావాలె."

అత్త చెప్పులు విడిచి దాని మీద నిలబడింది. చేతిలోని స్టీలు బాటిల్‌ను దాని మీద వదిలింది. అది చెయ్యి జారిన దూదిలా పడింది. అత్త పసిపిల్లలా నవ్వింది.

"చూసినవా? సప్పుడే లేదు."

"ఇంట్లో ఎవరు నడిచినా వినపడదండీ," అన్నాడు దుకాణం ఆయన, మెచ్చుకోలుగా.

నేల వేశాక మామ ఒకసారి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేచి కూర్చుని, "పరుపు మీద పడ్డట్టుందే," అని నవ్వాడు. అత్త ఆయన తల నిమురుతూ అక్కడే ప్రార్థన చేసుకుంది.

ఆ తర్వాతే ఆమెకు కొత్త భయం పట్టుకుంది. కూరగాయలు తరుగుతూ తల తిప్పితే మామ వెనకాలే నిలబడి ఉండేవాడు. "ఎప్పుడొస్తుండో, ఎప్పుడు పోతుండో తెలుస్తలేదే. పానం అదురుతుంది," అంది నాతో. ఆయన కర్రకు చిన్న మువ్వ కట్టింది. కింది ఇంటామె మెట్ల దగ్గర కనిపించి, "మీ ఇంట్ల మనుషులున్నరో లేరో తెలుస్తలేదక్కా," అంటే అందరం నవ్వాం. అత్త అడుగులకు మువ్వ కట్టాలని ఎవరికీ తోచలేదు. మా అందరి లెక్కలో, పడితే గిడితే పడేది మామే.

ఆ రోజు మామ పక్కగదిలో మెలకువగానే ఉన్నాడట. తలుపు తీసే ఉందట. గుండె ఆగి ఆమె హాల్లో కూలిపోయింది. మామకు ఏమీ వినపడలేదు. కింది ఇంటామెకూ వినపడలేదు. అన్నం పెట్టమని అడగడానికి లేచి వచ్చినప్పుడే చూశాడు. అత్త ఒంటి మీద గీత కూడా లేదు.

సమాధి దగ్గరికి కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ నడక నేర్చుకున్నవాళ్లు. నిలబడలేకపోయినా చివరి మట్టి పడేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చాక మా తమ్ముడు ఆ పలకలు పీకించేద్దామన్నాడు. మామ ఒప్పుకోలేదు. "మీ అత్త నా కోసం ఏసింది. నేనున్నన్ని దినాలు ఉండనియ్యుండ్రి," అన్నాడు.

నిన్న బాల్కనీ తలుపు దగ్గర అత్త కూర్చునే చెక్క పెట్టెను పక్కకు జరిపాం. ఎండకు హాల్లో నేలంతా వెలిసిపోయింది. పెట్టె ఉన్నంత మేర మాత్రం ముదురు రంగులో, కొత్తదానిలా ఉంది. మామ దాన్ని తొక్కడం లేదు. గోడ పట్టుకుని, దాని అంచు వెంబడి, మెల్లగా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.