ప్రిన్సిపాల్‌గారికి గాజులు పెట్టిన సభ

రెండే రెండు పొట్లాలతో ఒక సభని సర్వనాశనం చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. బిలాస్‌పూర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఘనకార్యం స్వహస్తాలతో చేశాను.

కాలేజీలో ట్రాన్స్‌జెండర్ల గురించి అవగాహన సభ పెట్టాలన్నది నా ఆలోచనే. నాకున్న అవగాహన ఎంతంటారా? ఇంటర్నెట్‌లో చదవడం మొదలుపెట్టి సగంలో ఆపేసిన ఓ వ్యాసమంత. ఊళ్ళోనే సర్కండా పేటలో బ్యాంకు ఉద్యోగం చేసే మాధవిగారిని మాట్లాడమని ఫోన్లో అడిగాను. ఆవిడ ట్రాన్స్ మహిళ, మాలాగే రైల్వే కుటుంబంలో పుట్టిన తెలుగావిడ.

"ఓ కాలేజీవోళ్ళు ఇలాగే పిలిసి, స్టేజీమీద పాత మగపేరుతో పిలిసేరు బాబూ. దిగొచ్చేసేను. మీ దగ్గర కూడా అలాటిదేటైనా అయితే, మరింక ఏ స్టేజీ ఎక్కను."

"నేనున్నాను కదండీ!" అన్నాను.

మా అమ్మ ఊరుకుందా? "ఏట్రా, పిలిసినోళ్ళని వొట్టి సేతుల్తో పంపుతావేటి? బట్టలెట్టాల" అని మాధవిగారికి చీర, గాజులు, ప్రిన్సిపాల్‌గారికి ప్యాంటు, షర్టు గుడ్డ కొనుక్కొచ్చింది. రెండూ ఒకే కొట్టు డబ్బాల్లో ఉన్నాయి. "ఆవిడది గులాబీ కాగితంలో సుట్టు, ఆయనది నీలం దాంట్లో."

"అలా చుడితే వివక్షమ్మా!"

"అచ్ఛా? మరెలా గుర్తెడతావు?"

"నాకు గుర్తుంటుందిలే."

రెండింటినీ ఒకే పసుపు కాగితంలో చుట్టేశాను. సమానత్వం!

సభనాడు హాలు కిటకిటలాడింది. వేదికెక్కేసరికి ఏది ఎవరిదో ఒక్క ముక్క గుర్తు లేదు. ఒకసారి ఆడించి చూస్తే గాజులు గలగలమనేవని ఇప్పుడు తడుతోంది లెండి. దేవుడిమీద భారం వేసి చెరొకటీ అందించాను.

"ఖోలియే, ఖోలియే! ఫోటో తీయాలి!" అంటూ ప్రిన్సిపాల్‌గారు తన పొట్లం తానే చింపారు. ఎర్రచీర. దానిమీద డజను పచ్చగాజులు.

మగవాడికి గాజులిస్తే ఏమిటర్థమో మీకు చెప్పక్కర్లేదు. హాలు ఈలలతో దద్దరిల్లింది. ఆయన నావైపు చూసిన చూపులో నా టీసీ స్పష్టంగా కనిపించింది. కానీ నా భయం అది కాదు. మాధవిగారు కూడా పొట్లం విప్పి, ఒళ్ళో ఉన్న షర్టు గుడ్డని తలెత్తకుండా చూస్తున్నారు. తర్వాత లేచారు. అయిపోయింది, దిగిపోతున్నారు, ఇక ఏ వేదికా ఎక్కరు, దానికి కారణం నేనే అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆవిడ మైకు అందుకున్నారు. తర్వాతదంతా హిందీలో నడిచింది, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"సార్, ఆ గాజులు తొడుక్కోండి."

"నేనా? ఎందుకు?"

"ప్రేమగా ఇచ్చారు కదా. అందరూ చూస్తున్నారు."

"కానీ అవి నావి కావు మేడమ్!"

"మీవేనని ఇంట్లోవాళ్ళు, బళ్ళోవాళ్ళు, వీధిలోవాళ్ళు చిన్నప్పట్నుంచీ రోజూ పోరుతుంటే?"

ప్రిన్సిపాల్‌గారు గాజులవంక మళ్ళీ చూసుకున్నారు. హాల్లో నవ్వు ఆగిపోయింది.

"నా ప్రసంగం అయిపోయింది" అని ఆవిడ షర్టు గుడ్డ ఆయన చేతిలో పెట్టి, చీరా గాజులూ తీసుకున్నారు. మొదట చప్పట్లు కొట్టింది ఆయనే.

మెట్లు దిగుతూ మాధవిగారు నా దగ్గర ఆగారు. "గంటసేపు మాటాడాలని తయారై వొచ్చేను. రెండు మాటల్లో తేలిపోయింది. ఈ ఐడియా నీదేనేటి బాబూ?"

"అవునండీ" అన్నాను, సిగ్గులేకుండా.

పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరికి బట్టలు పెట్టాల్సి వచ్చినా, వాళ్ళకేం కావాలో ముందు వాళ్ళనే అడుగుతాను.