కారణం: అలసిపోయాను

లిఫ్టుల కంపెనీ ఫిర్యాదుల గదిలో అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే కూర్చుని ఫోన్లెత్తుతారు. అక్కకి నలభై మూడు, చెల్లెలికి ముప్పై. పత్రికలవాళ్లు ఇద్దరిదీ ఒకే తరమని, మిలీనియల్స్ అని పేరుపెట్టి ఒకే గాటన కట్టేశారు. వాళ్లదేం పోయింది! ఒక్క పూట ఆ గదిలో కూర్చుంటే తెలిసొచ్చేది.

అక్క చేరిన రోజుల్లో ఒక్క కుర్చీకి వందమంది బయట కాచుకుని ఉండేవారు. ఆ భయం ఆవిడకి ఇప్పటికీ వదల్లేదు. సెలవు కావాలంటే రోగం రావాల్సిందేనని ఆవిడ నమ్మకం. పంతొమ్మిదేళ్లుగా సెలవు కాగితాల్లో ఆవిడ రాసిన జ్వరాలన్నిటికీ మాత్రలు మింగి ఉంటే ఓ మందుల షాపు బాగుపడేది. లేని మేనత్తని రెండుసార్లు చంపింది కూడా. చెల్లెలు అలా కాదు. పోయిన వారం కాగితంలో కారణం అన్నచోట "అలసిపోయాను" అని రాసి, ఇచ్చేసి, దర్జాగా ఇంటికి పోయింది.

మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అక్కని పిలిచాడు. వచ్చే నెల సెక్షన్ హెడ్ కావలసింది ఆవిడే మరి.

"ఇదొక కారణమా? రేపు అందరూ ఇదే రాస్తారు. జ్వరం అని మార్పించండి, లేదా రాజీనామా రాయించండి. మీ మాట వింటుందిగా?"

అక్క వచ్చి చెల్లెల్ని బతిమాలింది.

"ఒక్క ముక్కేగా! జ్వరమని రాసి పారెయ్యవే, పీడా పోతుంది."

"నాకు జ్వరం రాలేదక్కా. ఉద్యోగం పోతే పోనీ."

"ఎంత పొగరే నీకు!"

"అవును, పొగరే. నీకు లేదు కాబట్టే ఇన్నేళ్లూ నిన్ను ఆడించారు."

అక్కకి ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం పట్టుకుని విసవిసా మేనేజరు గదిలోకి వెళ్లింది. చెల్లెలు కంగారుగా వెంట వచ్చింది. ఏం చెప్పబోతోందో అక్కకే తెలియదు, నోరు తెరిచాక తెలిసింది.

"సార్, మా చెల్లెలు ఇది మార్చదు. నేను మార్చమనను. మార్చాల్సినవి నా కాగితాలు. వాటిలో ఒక్కటీ నిజం కాదు."

"ఆవేశపడకండి. ముందు కూర్చోండి."

"ఇన్నేళ్లూ కూర్చునే ఉన్నానుగా! తొమ్మిదేళ్ల కిందట మూడో నెలలో నాకు కడుపు పోయింది. పొద్దున్నే మొదలైంది. ఉన్న సెలవులన్నీ దొంగజ్వరాలకే అయిపోయాయి. అసలు సంగతి రాయడానికి సిగ్గేసింది. ఆరింటిదాకా ఆ కుర్చీలోనే ఉండి, లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లకి భయపడకండి, భయపడకండి అని చెప్పాను."

"అక్కా, నాక్కూడా చెప్పలేదేం?" అంది చెల్లెలు గుమ్మంలోంచి.

అక్క టేబులు మీది కట్టలోంచి ఖాళీ సెలవు కాగితం లాగింది. మర్నాటి తేదీ వేసింది. కారణం అన్నచోట "మా చెల్లెలితో మాట్లాడాలి" అని రాసి మేనేజరు ముందుకు తోసింది.

"మీరు సంతకం పెట్టినా రేపు రాను, పెట్టకపోయినా రాను."