పెండ్లి పాటల కింద బావ మాట

మొన్న మోమిన్‌పేటలో మా దూరపు చుట్టాల ఇంట పెండ్లి జరిగితే మోకాళ్ల నొప్పుల వల్ల నేను పోలేకపోయాను. అక్కడ అప్పగింతలు ముగిశాయో లేదో, ఇక్కడ వికారాబాదులో నా ఫోనులోకి ఆ పెండ్లి వీడియో వచ్చి పడింది. వేలితో తాకగానే బొమ్మ కదిలింది, సన్నాయి మోగింది, పురోహితుడి మంత్రం చెవి పక్కనే చదివినంత స్పష్టంగా వినిపించింది. ఇంట్లో ఎవరికీ అందులో వింత కనబడలేదు. నేను మాత్రం సగంలో ఆపేసి, ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. కెమెరా తీసిన బొమ్మను జనం తమ ఇళ్లలో చూడగలిగేలా మార్చి ఇవ్వడమే ఒకప్పుడు నా బతుకుతెరువు. ఆ పనిలో తలనెరిసిన నేను, ఒకే ఒక మనిషి గొంతు వినిపించడానికి ఎంత అవస్థ పడ్డానో ఆ పూట గుర్తుకొచ్చింది.

తాండూరులో స్టేషనుకు పోయే దారిలో మాకొక వీడియో స్టూడియో ఉండేది. మాకు అంటే మా అక్క భర్తకూ నాకూ. కెమెరా బావది, కంప్యూటరు నాది. ఊరి చుట్టూ బండలు కోసే మిషన్లు ఉండడంతో ఎప్పుడూ తెల్లటి దుమ్ము లేచేది, బావ కెమెరాను పసిపిల్లను చుట్టినట్టు మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టేవాడు. పెండ్లిళ్ల కాలం వచ్చిందంటే ఆయన ఇంటి మొహం చూసేవాడు కాదు. పెద్దేముల్, కోటపల్లి, ఇటు కర్ణాటక సరిహద్దు దాటి సేడం దాకా ఎవరు పిలిచినా పోయేవాడు.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో క్యాసెట్ల కెమెరాలు ఉండేవి. వాటి నుంచి డీవీడీ చేయడం పెద్ద కష్టమేమీ కాదు. తర్వాత హెచ్‌డీ కెమెరాలు వచ్చాయి. హైదరాబాదు పోయి బావ ఒకటి తెచ్చిన రోజు అక్క దానికి కుంకుమ బొట్టు పెడుతుంటే, ఆ కుంకుమ అద్దం మీద ఎక్కడ రాలుతుందోనని ఆయన చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. బొమ్మ ఎంత తేటగా ఉండేదంటే తలంబ్రాల బియ్యంలో గింజ గింజా వేరుగా కనిపించేది. అయితే ఆ కెమెరా తయారుచేసే ఫైలు ఎవరి ఇంట్లోనూ ఆడేది కాదు. డీవీడీ ప్లేయరు దాన్ని గుర్తుపట్టేది కాదు, పెన్‌డ్రైవు పెట్టుకునే టీవీలు వచ్చాక కొన్ని టీవీలు బొమ్మ చూపేవి, కొన్ని నల్లగా మొహం పెట్టేవి. అందుకని ప్రతి పెండ్లినీ నేను కంప్యూటరులో వేసి, అందరి ఇళ్లలో ఆడే రకంలోకి మార్చాల్సి వచ్చేది. మా పాత కంప్యూటరుకు ఒక్క పెండ్లి మార్చడానికి పొద్దంతా పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. సేడం వైపు నుంచి కోడళ్లను తెచ్చుకున్న ఇళ్లు మా దగ్గర ఎన్నో, అందుకేనేమో ఎవరైనా వచ్చి ఇంత ఆలస్యమేమిటని కసురుకుంటే బావ నవ్వుతూ ఒకటే జవాబు చెప్పేవాడు.

“కన్నడపు వియ్యపురాలికి మన మాట తెలియజెప్పినట్టే గిది గూడ. జర సమయం పడ్తది మరి.”

ఆయన గొంతు పెద్దది. మైకు అవసరం లేని గొంతు. పందిట్లో ఎంత గోల ఉన్నా ఆ కేక వినిపిస్తే అందరూ కెమెరా వైపు తిరిగేవారు. ఏడుస్తున్న పెండ్లికూతురిని కూడా “ఏడుద్దువు గని బిడ్డా, ముందుగాల జర గిటు చూడు” అని నవ్వించేవాడు. కానీ పెండ్లివారికి కెమెరామన్ కేకలు ఎందుకుంటాయి చెప్పండి? వాళ్లకు పాటలు కావాలి. అందుకే ఫైలు మార్చేటప్పుడు అసలు శబ్దం తీసేసి, మొదటి నుంచి చివరి దాకా పాటలు పరిచేవాణ్ణి. అది అప్పటి వాడుక, ఏ స్టూడియోలోనైనా అంతే. ఆ లెక్కన ఊళ్లన్నిటి పెండ్లిళ్లూ తీసిన మా బావ తాను తీసిన ఏ ఒక్క వీడియోలోనూ కనిపించడు, వినిపించడు.

కొన్నాళ్లకు ఆయన గొంతు బొంగురుపోయింది. అరిచీ అరిచీ అయ్యుంటుందిలే అనుకున్నాం. మిరియాల కషాయం అయింది, తేనె అయింది, తాండూరు డాక్టర్లూ అయ్యారు. చివరికి హైదరాబాదు తీసుకుపోతే గొంతులో గడ్డ ఉందన్నారు. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసేయక తప్పదన్నారు. ఆపరేషను నాడు పొద్దున ఆసుపత్రి వరండాలో కూర్చొని, టిఫిను డబ్బా మూత ఏదని అక్కను అడిగాడట. ఆయన నోటి నుంచి ఆమె విన్న చివరి మాట అదే. ఆ రోజు ఇంకేదైనా మాట్లాడించి ఉంటే బాగుండేదని అక్క తర్వాత ఎన్నిసార్లు అనుకుందో చెప్పలేను.

ఆ తర్వాత ఆయన బతికిన ఏడాది పైచిలుకు కాలం చేతులతోనే గడిచింది. కెమెరా దగ్గర మేము వాడుకునే సైగలే ఆయనకు భాష అయ్యాయి. అరచెయ్యి ఎత్తితే ఆపమని, వేలు గాలిలో తిప్పితే కానివ్వమని. నాకు అవన్నీ తెలుసు. అక్కకు మాత్రం అందులో సగమే అర్థమయ్యేది, మిగతా సగం నేను చెప్పవలసి వచ్చేది. తన మొగుడి మాట తమ్ముడి నోట వినవలసి వచ్చినందుకు ఆమె ఒక్కోసారి లేచి వంటింట్లోకి పోయేది. అట్లాగే ఒక వానాకాలంలో ఆయన వెళ్లిపోయాడు.

కూతురికి వికారాబాదులో ఉద్యోగం కాబట్టి అక్క అక్కడికి చేరింది. నేను తాండూరులోనే స్టూడియో నడుపుతూ, వీలైనప్పుడల్లా రైలెక్కి పోయి చూసి వచ్చేవాణ్ణి. ఒకసారి అట్లా పోయినప్పుడు, పెసరపప్పు చాటలో పోసుకొని రాళ్లు ఏరుతున్న అక్క తల ఎత్తకుండానే అన్నది.

“నాకు మీ బావ గొంతు యాదికి వస్తలేదు తమ్మీ. మొఖం వస్తది, నడక వస్తది. గొంతు తెచ్చుకుందామంటే గా ఆఖరి ఏడు ఊపిరి గురగురే చెవులల్ల మోగుతున్నది. గన్ని పెండ్లిలు తీసిండు గద, దేంట్లనన్న మాట్లాడిండా?”

మాట్లాడాడు అక్కా, అన్నిట్లోనూ మాట్లాడాడు, అన్నిట్లోనూ ఆ మాటల మీద పాటలు పరిచాము అని ఎట్లా చెప్పను? వెతుకుతానని మాత్రం చెప్పి వచ్చేశాను.

పెండ్లివారికి వీడియో ఇచ్చేశాక అసలు ఫైళ్లు తుడిచేసి ఆ హార్డ్‌డిస్కులో కొత్త పెండ్లి నింపుకోవడం మా పద్ధతి. అన్నీ దాచుకునేంత స్తోమత ఏ చిన్న స్టూడియోకూ ఉండదు. అయితే ఒక డిస్కు పాడవడం మొదలుపెట్టి టకటకమని చప్పుడు చేస్తుంటే, దాన్ని వాడకుండా అటక మీద పడేశాము. తుడవకుండా మిగిలినది అదొక్కటే. దించి, దుమ్ము తుడిచి, కంప్యూటరుకు తగిలించాను. మొదట పలకలేదు. మళ్లీ మళ్లీ తగిలించగా ఒకసారి తెరుచుకుంది. మళ్లీ ఎప్పుడు మూసుకుపోతుందోనని అందినవి అందినట్టు కాపీ చేసుకున్నాను. పెద్దేముల్ దగ్గర గొర్లు కాసుకునే వాళ్ల ఇంట జరిగిన ఒక పెండ్లి తాలూకు కొన్ని ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత డిస్కు శాశ్వతంగా నోరు మూసుకుంది.

ఆ ముక్కలు ఒక్కొక్కటే పెట్టి విన్నాను. ఉన్నాడు. మా బావ ఉన్నాడు. వైరు కాళ్లకు తగులుతుంది జాగ్రత్త బామ్మర్దీ అని నన్నే కసురుతున్నాడు. పెద్దమనిషిని పక్కకు జరగమంటున్నాడు. స్టూడియో తలుపు వేసేసి, అది పగలని కూడా మరిచి, పెద్దగా ఏడ్చాను.

మరునాడే ఆ ఫైళ్లు పెన్‌డ్రైవులో వేసుకొని వికారాబాదు పోయాను. అక్క పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకొని కూర్చుంది. బొమ్మ వచ్చింది. పందిరి, పచ్చటి ఆకులు, పెండ్లికూతురి తల మీద జీలకర్ర బెల్లం, అంతా అద్దంలో చూసినట్టే ఉంది. శబ్దం మాత్రం లేదు. నా మేనకోడలు రిమోటు నొక్కి శబ్దం పెంచింది, పూర్తిగా పెంచింది. అక్క ముందుకు వంగి, కొంగు చెవుల మీది నుంచి వెనక్కి తోసుకొని, చాలాసేపు అట్లాగే ఉండి, మెల్లగా నా వైపు తిరిగింది.

“నాకు చెవులు గూడ పోయినయా తమ్మీ?”

నా బతుకులో అంతటి మాట నేను మళ్లీ వినలేదు. లేదక్కా, నీ చెవులు బాగానే ఉన్నాయి, ఈ టీవీకే తెలియడం లేదని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కలగలేదు. నా ఫోనులో వేసి చూసినా అదే మూగతనం. నా కంప్యూటరులో చక్కగా పలికినది ఇక్కడ ఎందుకు పలకదో అప్పటికప్పుడు అర్థం కాలేదు. తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే తట్టింది. పాటలు పరిచి ఇచ్చిన రోజుల్లో కెమెరా అసలు శబ్దంతో నాకు పనే పడలేదు. బొమ్మ ఒక రకంలో, శబ్దం వేరొక రకంలో దాచి రెంటినీ ఒక్క ఫైలుగా కట్టడం ఆ కెమెరా పద్ధతి. నా కంప్యూటరుకు రెండూ తెలుసు, ఆ టీవీకీ నా ఫోనుకూ బొమ్మ తెలిసింది కానీ ఆ శబ్దం తెలియలేదు.

ఇక బొమ్మను ముట్టకుండా శబ్దాన్ని మాత్రమే మార్చే పని పట్టుకున్నాను. ఒకసారి మాట ముందు, పెదవి తర్వాత అయింది. ఇంకోసారి గొంతు పీలగా, ఎవరో పిల్లవాడిది అన్నట్టు వచ్చింది. నాకు చేతనైనన్ని విధాల మార్చి, తెలిసిన వాళ్ల ఇండ్లకు పోయి, వాళ్ల టీవీలలో పెట్టి విని, బావ గొంతు బావ గొంతులాగే వచ్చిందని నమ్మకం కుదిరాకే మళ్లీ రైలెక్కాను.

ఈసారి అక్క చీర మార్చుకోలేదు. మంచం మీదే కూర్చుని, పెట్టమన్నట్టు చెయ్యి ఊపింది. వైరు గురించి నన్ను కసిరిన మాట గదిలో మోగగానే ఉలిక్కిపడింది, మరుక్షణం నవ్వింది. ఆ తర్వాతి ముక్కలో కెమెరా పెండ్లికూతురి మీదే నిలిచి ఉంది, కెమెరా వెనక బావ ఫోను మోగింది. నేను స్టూడియోలో విన్నప్పుడే గుర్తుపట్టి, ఆమెకు చెప్పకుండా దాచుకున్న ముక్క అది.

“ఆఁ, చెప్పు... తిన్న, తిన్న. ముహూర్తం జర ఆలస్యమైంది... వద్దు, నా కోసం కూసోకు. నువ్వు తిని పండుకో. గొళ్లెం పెట్టకు, నేనే తలుపు తీసుకొని వస్త... సరే సరే, వస్తున్న గద.”

ఆ ఫోను చేసింది అక్కే. ఎన్నడో మరిచిపోయిన ఒక మామూలు ఫోను. అక్క తెర వైపు చూడడం మాని, తల వంచుకొని విన్నది. మళ్లీ పెట్టమన్నది. మళ్లీ పెట్టాను. బొమ్మ ఆగిపోయాక ఆమె తానే లేచి పోయి, టీవీ వెనక తడిమి, ఆ పెన్‌డ్రైవు ఊడబీకి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నీ తాననే ఉండని తమ్మీ. ఇంట్ల ఉంటే రోజు పెడ్త. రోజు వింటే నాకు చెప్పినట్టు ఉండది, టీవీ చెప్పినట్టు ఉంటది.”

మాట మీదే నిలబడింది కూడా. ఎప్పుడో ఒకప్పుడు, ముందుగా చెప్పకుండా, వికారాబాదు నుంచి ప్యాసింజరులో దిగి స్టూడియోకు వచ్చేది. మంచినీళ్లు తాగి కూర్చునేది. నేను ఏమీ అడగకుండా ఆ ముక్క పెట్టేవాణ్ణి. విని, కొంగు సర్దుకొని, తిరుగు రైలుకు లేచిపోయేది. ఆమె రైలు ఎక్కలేని రోజులు వచ్చాక పెన్‌డ్రైవు నేనే తీసుకుపోయేవాణ్ణి. పోయిన ఏడాది అక్క కూడా పోయింది.

స్టూడియో అంతకుముందే మూసేశాను. మార్చి ఇమ్మని వచ్చేవాళ్లే లేకపోయారు మరి. నేనూ వికారాబాదులో మేనకోడలి ఇంటికే చేరాను. ఇప్పుడు ఏ ఫైలైనా ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, ఎవరి గొంతైనా ఎవరి చేతిలోనైనా పలుకుతుంది. పిల్లల ఫోనుల్లో వాళ్ల అమ్మానాన్నల మాటలు గంటలకొద్దీ పడి ఉంటాయి, మంచిదే. మాలాగా అటకలు వెతకవలసిన పని వాళ్లకు ఉండదు. బావ మాట కూడా నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది మేనకోడలు, తాకితే చాలు వస్తుంది. అక్క పోయాక మాత్రం నేను దాన్ని తాకలేదు. గొళ్లెం పెట్టకు, వస్తున్న అని ఆయన చెప్పింది ఆమెకు. ఆమె లేకుండా నేనొక్కణ్ణే వినబోతే, ఆలుమగలు మాట్లాడుకుంటుంటే తలుపు చాటున నిలబడినట్టు అనిపించి, చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది.