పసి అన్న మాట

రెండువేల ఒకటి, ఎండాకాలం. మార్టూరులో హైవే పక్కనున్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మాకొచ్చే పేషెంట్లలో ఎక్కువమంది గ్రానైట్ క్వారీల కూలీలే.

ఒక మధ్యాహ్నం సెల్వి అనే తమిళ అమ్మాయిని క్వారీ జీపులో తెచ్చారు. నెలలు నిండకుండానే నొప్పులు. తోడు డ్రైవర్ ఒక్కడే, అతనిది రాజస్థాన్. భర్త పనిలో ఉన్నాడట. కాసేపటికే స్టిల్‌బర్త్ అయింది, అంటే కడుపులోనే ప్రాణం పోయిన బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మగతలో ఉన్న తల్లికి ఆ సంగతి తెలియదు.

భర్తని తీసుకురమ్మని డ్రైవర్‌కి చెబుతుండగా సెల్వి కళ్లు తెరిచింది. పొట్టమీద చెయ్యి వేసుకుని, "పసి... పసి" అంది.

డ్రైవర్ చెవికి అది ఉరి అనే హిందీ మాటలా పడింది. "ఫాఁసీ? ఉరేసుకుంటుందా సిస్టర్?" అన్నాడు వచ్చీరాని తెలుగులో. కాదని చెప్పేలోపే, పోలీసు కేసవుతుందని జీపెక్కి వెళ్లిపోయాడు. క్వారీలో ఫోను లేదు, ఇక కబురు పంపే దారి లేదు.

మా చెవికి అది తెలుగు మాటే. ఆయా మరియమ్మ కళ్లు తుడుచుకుని, "పసిబిడ్డని అడుగుతోందమ్మా" అంది.

"బిడ్డ పక్క గదిలో ఉంది, పడుకో" అని సముదాయించాం. సెలైన్ ఎక్కుతోంది కదా, తిండి సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ అదే మాట అనేది. పొద్దువాలే వేళకి డాక్టరమ్మగారు, "ఎంతసేపని దాస్తాం? చూపించండి" అన్నారు. మరియమ్మ బిడ్డని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి పక్కన పడుకోబెట్టింది. సెల్వి ఆ చిన్న చేతిని పట్టుకుని చూసింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.

పని దిగాక భర్త మురుగన్ నడుచుకుంటూ వచ్చాడు. బిడ్డని చూసి గోడకానుకుని కూలబడ్డాడు. "పసి, పసి" అంటూ బిడ్డని అడిగిందని నేనే చెప్పాను.

"పసి అంటే మా తమిళంలో ఆకలండి. నిన్నట్నించి ఏం తినలేదు. మేస్త్రీ బియ్యం ఇయ్యలే" అన్నాడు.

మరియమ్మ తన క్యారేజీ విప్పి అన్నం కలిపి ముద్ద అందించింది. సెల్వి మొహం పక్కకి తిప్పుకుంది. మర్నాడు ఇద్దరూ బిడ్డని తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయారు.

అర్థంకాని మాటైతే ఎవరినో పిలిచి అడిగేవాళ్లం. అర్థమైందనుకున్నాం కాబట్టే అడగలేదు. ఇప్పుడు నాకు తమిళం, హిందీ కొద్దికొద్దిగా వచ్చు. పైఊరివాళ్లు ఎవరొచ్చినా ముందు అన్నం తిన్నారా అని వాళ్ల మాటలోనే అడుగుతాను. లేదంటే పెడతాను, చాలామంది తింటారు. ఆ అమ్మాయి తినలేదు.