ప్రసాదంలా పంచిన మాత్రలు

ఆ ఏడు ప్రొద్దుటూరులో ఫ్లూ జ్వరం తగలని ఇల్లు లేదు. బట్టల అంగళ్లు సగం మూతపడ్డాయి. మా ఇంట్లో మొదట మంచం పట్టింది మా తోటికోడలు. వరసకు తోటికోడలే గాని నేను అక్కా అనే పిలిచేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు సంగటి కెలకడం చేతకాకపోతే, అత్త చూడకుండా తానే కెలికి నా చేత వడ్డించిన మనిషి.

మూడో రోజుకు జ్వరం రొమ్ములోకి దిగింది. దగ్గితే ఎర్రగా కళ్లె పడింది. అక్క మొగుడు, మా బావ, జమ్మలమడుగు పోయి డాక్టరుకు సంగతంతా చెప్పి, రొమ్ములో చేరిన జబ్బుకు వాడే సల్ఫా మాత్రలు తెచ్చాడు. ఇరవై నాలుగు. పూటకు రెండు, రోజుకు నాలుగు పూటలు, మూడు రోజులు.

"ఒక్కటి గూడా తప్పగూడదంటమ్మా" అని పొట్లం మా అత్త చేతిలో పెట్టాడు.

మా అత్తకు ఒక పద్ధతి ఉండేది. బయటినుంచి ఇంట్లోకి ఏది వచ్చినా ముందు దేవుని గూట్లో పెట్టాలి, ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ పంచాలి. మామిడిపండ్లయినా అంతే, బెల్లమయినా అంతే. మాత్రల పొట్లమూ గూట్లోకే పోయింది. దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది మహాతల్లి!

"జ్వరం ఒకరితో ఆగుతాదా? రాకముందే తలా ఒకటి ఏసుకుంటే పాయ" అంటూ ముందు మామకు, తర్వాత కొడుకులకు, పిల్లలకు, చివర నాకు చేతిలో పెట్టింది. మా బావ తల్లికి ఎదురు చెప్పలేక తన వంతు మింగాడు.

"అత్తా, అవి అక్కకు లెక్క జూసి ఇచ్చినవి గదా" అన్నాను.

"నీకు శానా తెల్సు! నోరు మూసుకోని మింగు."

మింగాను. ఆమె బలవంతాన అని చెప్పుకోవచ్చు గాని, ఈ వయసులో అబద్ధం ఎందుకు? చావంటే నాకు భయం. కళ్లకద్దుకుని మరీ మింగాను. మర్నాడు మామ రెండుసార్లు తుమ్మేసరికి అత్త ఇంకో విడత పంచింది. ఎనిమిది మందిమి, రెండు విడతలు. మూడు రోజుల మందులో అక్కకు దక్కింది ఒక్కరోజుది.

ఒక పూట కుదుటపడినట్టే కనిపించింది. ఆ మరుసటి రోజు ఊపిరి అందలేదు. బస్సులో జమ్మలమడుగు తీసుకుపోయాం.

"మాత్రలన్నీ అయిపోయినాయా?" అని అడిగాడు డాక్టరు.

"అన్నీ అయిపోయినాయి సామీ" అంది అత్త.

ఆయన నమ్మాడు. మూడు రోజుల మందు పడినా తగ్గలేదంటే ఇది ఈమెకు పనిచేయదని, కడప నుంచి వేరే సూదిమందు తెప్పించమన్నాడు. బావ కడప బస్సెక్కాడు. అక్క తల నా ఒళ్లోనే ఉంది. 'ఎనిమిదే పడినాయి సార్' అని నేనంటే ఆయన ఆ మాత్రలే మళ్లీ మొదలుపెట్టేవాడు. అత్త నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. థూ, నాదీ ఒక బతుకేనా!

బావ సూదిమందుతో వచ్చేసరికి అక్క లేదు. ఆ తర్వాత మేమందరం వరసగా అదే జ్వరంతో పడ్డాం, నాలుగు రోజులకు లేచి తిరిగాం. మేం మింగిన మాత్రలు మాకూ పనికి రాలేదన్నమాట.

పులివెందుల నుంచి అక్క తల్లి వచ్చింది. ఏడ్చి ఏడ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మందులు సరిగ్గా ఏసినారా అమ్మా? యాడన్నా తప్పినారేమోనని నా కడుపు కాలిపోతాంది."

"ఏసినాము పెద్దమ్మా."

"నువ్వు చెప్పినావు గదా, సాలు" అని నా తల నిమిరింది.

నేను కదలకుండా కూర్చుని నిమిరించుకున్నాను. ఆమె కూతురి మాత్రలు రెండు నా కడుపులోనే ఉన్నాయని చెప్పలేదు.